బ్యాండ్ ఒకటే, మెట్టు వేరు

(మన వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. ఇందులోని జీతాల అంకెలు ఇంగ్లండ్‌లో 2025-26 సంవత్సరానివి.)



భోజనాలయ్యాక నన్ను మాట్లాడమన్నారు. పులిహోర, గోంగూర పచ్చడి, పెరుగన్నం కడుపులో పడ్డాక ఎవరు మాట్లాడినా జోలపాటలాగే ఉంటుంది. అందుకే డబ్బు సంగతి ఎత్తుకున్నాను. జీతం మాట వస్తే ఎంత కునికిపాట్లు పడేవాడైనా ఒక కన్ను తెరుస్తాడు.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని. పొట్టిగా ఓ.టి. అంటారు. ఈ పేరుతో నాకు మొదటినుంచీ తిప్పలే. మా ఊళ్ళో ఓ.టి. అంటే ఆపరేషన్ థియేటర్. దుబాయ్‌లో ఇరవై ఏళ్ళు చేసి వచ్చిన మా చిన్నాన్నకి ఓ.టి. అంటే ఓవర్‌టైమ్. "ఎప్పుడు ఫోన్ చేసినా ఓ.టి.లోనే ఉన్నానంటావు, మరి డబ్బులేవిరా?" అనేవాడు. ఇక్కడి మనవాళ్ళలో సగం మంది నేను ఫిజియోని అనుకుంటారు. ఫిజియో వాళ్ళు కాలు నడిచేలా చూస్తారు. ఆ కాలితో మనిషి బాత్రూమ్ దాకా వెళ్ళి, స్నానం చేసి, చీర కట్టుకుని, వంటింట్లో ఒక పూట నెట్టుకురాగలదా అని మేము చూస్తాం. మా పని అదే.

ఒక సంగతి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. పక్షవాతం వచ్చిన మనిషిని ఇంటికి పంపేముందు ఆసుపత్రిలో ఉండే చిన్న వంటగదిలోకి తీసుకెళ్ళి ఒక కప్పు టీ పెట్టమంటాం. నీళ్ళు పట్టుకోవడం, వేడినీళ్ళు ఒంపుకోవడం, ఒంటి చేత్తో పాల సీసా మూత తీయడం, ఏది ముందో ఏది వెనకో గుర్తుండడం, అన్నీ అందులో తెలిసిపోతాయి. ఒకరోజు మన తెలుగు పెద్దావిడ వచ్చింది. కెటిల్ ముందు నిలబడి దానివంక చూస్తూ ఉండిపోయింది. టీ పెట్టలేకపోయింది అని కాగితం మీద పడబోతోంది. నేను అడిగాను, "అమ్మా, మీ ఇంట్లో టీ ఎలా పెడతారు?" అని. "గిన్నెలో కాస్తాం నాయనా. ఈ చెంబు సంగతి నాకేం తెలుసు?" అంది. గిన్నె ఇచ్చాం. ఎడమచేత్తోనే పాలు, నీళ్ళు పోసి, టీపొడి వేసి, పొంగకుండా మంట తగ్గించి, అల్లం లేదేమని మమ్మల్నే దెప్పింది. ఆవిడని ఇంటికి పంపొచ్చా లేదా అన్న చర్చ ఆ గిన్నెతో మారిపోయింది.

ఆరోజు నా తలలో ఉన్నది ఏడేళ్ళ థెరపిస్ట్ అనుభవం. నా బ్యాంకులో పడ్డది మాత్రం అసిస్టెంట్ జీతం. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఈ తేడా గురించే.

నేను 2018లో వచ్చాను. మా ఆవిడ నర్సు, ఆవిడకి ఉద్యోగం వచ్చింది, నేను డిపెండెంట్‌గా వెనకాలే వచ్చాను. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో నాలుగేళ్ళు, పిల్లల థెరపీ సెంటర్‌లో మూడేళ్ళు చేశాను. కానీ ఇక్కడ హెచ్.సి.పి.సి. రిజిస్టర్‌లో పేరు ఎక్కనిదే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అని చెప్పుకోవడం కూడా చట్టవిరుద్ధం. ఆ రిజిస్ట్రేషన్‌కి మన కోర్సు సిలబస్, ప్రాక్టికల్ గంటల లెక్క, పనిచేసిన చోట్ల వివరాలు కావాలి. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళకి ఐఇఎల్‌టిఎస్‌లో మొత్తం మీద 7, ఏ విభాగంలోనూ 6.5కి తగ్గకుండా రావాలన్నది అప్పటి నిబంధన. ఈ కాగితాలు ఇండియాలో ఉండగానే మొదలుపెట్టి ఉంటే సరిపోయేది. వచ్చాక చూసుకుందాం అనుకున్నాను. ఆ అనుకోవడం ఖరీదు పద్నాలుగు నెలలు. అన్ని నెలలూ బ్యాండ్ 3లో థెరపీ అసిస్టెంట్‌గా చేశాను.

బ్యాండ్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎన్.హెచ్.ఎస్.లో డాక్టర్లని, పెద్ద మేనేజర్లని పక్కనపెడితే దాదాపు అందరికీ ఒకే జీతాల నిచ్చెన. 2004 నుంచి ఉంది. మనిషిని చూసి బ్యాండ్ ఇవ్వరు, ఉద్యోగాన్ని తూకం వేసి ఇస్తారు. అసిస్టెంట్ ఉద్యోగం ఎక్కువగా బ్యాండ్ 3, ఏడాదికి 24,937 నుంచి 26,598 పౌండ్లు. రిజిస్టర్ అయిన కొత్త ఓ.టి. బ్యాండ్ 5, అంటే 31,049 నుంచి 37,796. అనుభవం ఉన్నవాళ్ళు బ్యాండ్ 6, అది 38,682 నుంచి 46,580. ఒక విభాగాన్ని నడిపేవాళ్ళు, లేదా చేతి గాయాల్లాంటి ఒక రంగంలో ఆరితేరినవాళ్ళు బ్యాండ్ 7, అక్కడ 47,810 నుంచి 54,710. స్కాట్లండ్‌లో అంకెలు కొంచెం ఎక్కువ. లండన్ లోపలి ప్రాంతమైతే 20 శాతం, బయటి లండన్ అయితే 15 శాతం, అంచు ఊళ్ళకి 5 శాతం అదనం. దానికీ పైనా కిందా హద్దులున్నాయి. ఆ అదనం అద్దెకే పోతుందని లండన్‌లో ఉన్నవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు.

ఈ అంకెలు వినగానే మనం చేసే మొదటి పని రూపాయల్లోకి మార్చుకోవడం. పోయినేడు ఖమ్మం కుర్రాడొకడు ఫోన్ చేశాడు. మా మేనల్లుడి స్నేహితుడు.

"అన్నా, ఆఫర్ వచ్చింది. ముప్ఫై ఒక్క వేలు. మన డబ్బుల్లో ముప్ఫై అయిదు లక్షలన్నా!"

"సంతోషం తమ్ముడూ. మరి చేతికెంత వస్తుందో చూశావా?"

చూడలేదు. ఇద్దరం ఫోన్‌లోనే లెక్కేశాం. 31,049లో పెన్షన్‌కి 8.3 శాతం, అంటే 2,577 పోతుంది. మిగిలిన దాంట్లో 12,570 దాకా పన్ను లేదు, పై దానిమీద 20 శాతం, సుమారు 3,180. నేషనల్ ఇన్సూరెన్స్ 1,478. అన్నీ పోను నెలకి 1,980 పౌండ్ల పైచిలుకు. అందులో అద్దె, కౌన్సిల్ ట్యాక్స్, కరెంటు, గ్యాసు, బస్సు, ఇంటికి పంపేది. పెన్షన్ పోతోందని బాధపడి అందులోంచి బయటికొచ్చేవాళ్ళని చూశాను, తొందరపడకండి. మీ 8.3కి తోడు యాజమాన్యం మీ జీతంలో ఇరవై శాతం పైనే అందులో వేస్తుంది. మీరు బయటికొస్తే అదీ పోతుంది.

లెక్కయ్యాక కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. అప్పుడు నేను అసలు ప్రశ్న అడిగాను. "నీకు అయిదేళ్ళ అనుభవం ఉంది కదా, మొదటి మెట్టు మీద ఎందుకు పెట్టారు?"

"మెట్టేంటన్నా?"

నేనూ 2020లో సరిగ్గా అక్కడే ఉన్నాను. రిజిస్ట్రేషన్ వచ్చింది, నేను చేస్తున్న చోటే బ్యాండ్ 5 ఇచ్చారు, కాగితం పెట్టారు, సంతకం పెట్టాను. ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే ఇచ్చింది కూడా వెనక్కి తీసుకుంటారేమోనని భయం. మనలో చాలామందికి ఉండే భయమే అది.

2022లో మా టీమ్‌లోకి ఒక మలయాళీ అమ్మాయి వచ్చింది. నాకంటే చిన్నది, అనుభవం ఆరేళ్ళు. ఒకరోజు క్యాంటీన్‌లో పే స్లిప్‌ల మాట వచ్చింది. ఇద్దరిదీ బ్యాండ్ 5. ఆమె పై మెట్టు మీద చేరింది. నేను రెండేళ్ళు చేసి అప్పుడే రెండో మెట్టుకి వచ్చాను. ఈనాటి అంకెల్లో చెప్పాలంటే బ్యాండ్ 5లో మూడు మెట్లు. చేరగానే 31,049, రెండేళ్ళకి 33,487, నాలుగేళ్ళకి 37,796. ఆమె నేరుగా మూడోదాని మీద కాలు పెట్టింది. "నీకెలా ఇచ్చారు?" అన్నాను. "అడిగాను" అంది. అంతే. కేరళ నుంచి వచ్చేటప్పుడే ఒక ఫైలు నిండా ఉత్తరాలు తెచ్చుకుంది.

ఎన్.హెచ్.ఎస్. జీతభత్యాల హ్యాండ్‌బుక్‌లో 12వ సెక్షన్ అని ఒకటుంది. ఎన్.హెచ్.ఎస్. బయట చేసిన ఉద్యోగం ఈ ఉద్యోగానికి పనికొచ్చేదే అనిపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకునే విచక్షణ యాజమాన్యానికి ఉంది. బయట అంటే హైదరాబాద్ కూడా బయటే, విజయవాడా బయటే. విచక్షణ అన్నారు కాబట్టి మనకది హక్కు కాదు. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. కానీ అడగనివాడికి దానంతటది రాదు.

నేను హెచ్.ఆర్. ఆఫీసుకి వెళ్ళాను. అక్కడున్నావిడ మంచి మనిషే, నెమ్మదిగా చెప్పింది. చేరేటప్పుడు తేల్చుకోవాల్సిన విషయం ఇది, కాంట్రాక్టు మీద సంతకం అయిపోయాక వెనక్కి వెళ్ళి మార్చడం కుదరదు అంది. "మీ అనుభవం ఉత్తరాలు అప్పుడు ఇచ్చారా?" అని అడిగింది. ఎక్కడివి? పిల్లల సెంటర్ మూతపడింది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితంలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశాడు, నడవడిక తృప్తికరం అని రెండు వాక్యాలున్నాయి. నడవడికకి ఇక్కడ మెట్లు లేవు.

ఎంత పోయిందో ఒకరాత్రి కూర్చుని లెక్క వేసుకున్నాను. ఇవాళ్టి అంకెల ప్రకారం మొదటి రెండేళ్ళు ఏడాదికి 6,747 చొప్పున, మూడో ఏడు 4,309. మొత్తం పన్నుకి ముందు దాదాపు 17,800 పౌండ్లు. మా ఆవిడకి చెబితే, "చెప్పకపోయినా బాగుండేది" అంది. ఇంట్లో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇదిగో, మీ ముందే ఎత్తుతున్నాను.

కాబట్టి ఖమ్మం కుర్రాడికి ఏం చెప్పానో మీకూ అదే. ఇంటర్వ్యూలో నెగ్గాక, ఉద్యోగం ఇస్తున్నాం అని మాట వచ్చాక, కాంట్రాక్టు మీద సంతకం పెట్టకముందు ఒక సందు ఉంటుంది. కొన్ని రోజులే. వాళ్ళకి మీరు కావాలి, మీరింకా ఒప్పుకోలేదు. అడిగితే అప్పుడే అడగాలి. మర్యాదగా ఒక మెయిల్: నాకు ఇన్నేళ్ళ సంబంధిత అనుభవం ఉంది, ఉత్తరాలు జతచేస్తున్నాను, నా మొదటి జీతం నిర్ణయించేటప్పుడు దీన్ని పరిగణించగలరు అని. ఉత్తరం లెటర్‌హెడ్ మీద ఉండాలి. తేదీలు, హోదా, వారానికి ఎన్ని గంటలు, ఎలాంటి రోగులు, మీరు సొంతంగా ఏమేం చేసేవారు, ఎవరికైనా పని నేర్పారా, ఇవన్నీ రాయించుకోండి. సంతకం పెట్టినవాళ్ళ మెయిల్, ఫోన్ నంబరు ఉండాలి. ఇండియాలో ఉద్యోగం మానేసే రోజునే ఇది తీసుకోవాలి. రెండేళ్ళు పోయాక సూపరింటెండెంట్ రిటైరవుతాడు, సెంటర్ మూతపడుతుంది, ఇంకెవరో వచ్చి మీరెవరు అంటారు.

కుర్రాడు అడిగాడు. వాళ్ళు మూడో మెట్టు ఇవ్వలేదు, రెండోది ఇచ్చారు. ఏడాదికి 2,438 పౌండ్లు ఎక్కువ. ఒక మెయిల్‌కి అది తక్కువేం కాదు.

ఇంకొన్ని సంగతులు గబగబా చెప్పేస్తాను. మా ఆవిడదీ నాదీ చాలాకాలం ఒకే బ్యాండ్. కానీ ఆవిడ చేతికి ఎప్పుడూ నాకంటే ఎక్కువే వచ్చేది, ఇప్పటికీ ఆ మాట అంటుంది. కారణం రాత్రులు, ఆదివారాలు. బ్యాండ్ 4 నుంచి పైవాళ్ళకి శనివారం, రాత్రి పనికి 30 శాతం, ఆదివారం, బ్యాంకు సెలవుకి 60 శాతం అదనం. థెరపిస్టులది ఎక్కువగా సోమవారం నుంచి శుక్రవారం దాకా పగటి పని. వారాంతం రోటా ఉన్న వార్డుల్లో చేరితే కొంత వస్తుంది. ఏజెన్సీ ద్వారా చేసేవాళ్ళకి గంటకి ఎక్కువ ఇస్తారు, నిజమే. కానీ జబ్బుపడితే ఎన్.హెచ్.ఎస్. ఉద్యోగికి వచ్చినట్టు జీతం రాదు, పని ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు, వీసా స్పాన్సర్‌షిప్ మీద ఉన్నవాళ్ళకి అది మామూలుగా దారే కాదు. పిల్లలు పుట్టాక మూడు రోజుల పనికి మారే మన ఆడవాళ్ళు మాత్రం గంటలు తగ్గినా మెట్టు తగ్గకూడదని గుర్తుపెట్టుకోండి.

బ్యాండ్ 5 నుంచి 6కి దానంతటదే వెళ్ళడం మామూలుగా ఉండదు. మెట్లు ఎక్కడం వేరు, బ్యాండ్ మారడం వేరు. ఖాళీ పడాలి, దరఖాస్తు పెట్టాలి, ఇంటర్వ్యూకి కూర్చోవాలి. "బాగా పని చేస్తున్నాను, వాళ్ళే చూసి ఇస్తారు" అని ఎదురుచూసేవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. నేనూ మూడేళ్ళు ఎదురుచూశాను. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. బ్యాండ్ 5 పై మెట్టు 37,796, బ్యాండ్ 6 మొదటి మెట్టు 38,682. తేడా ఏడాదికి 886 పౌండ్లు. దానికోసం జూనియర్లని చూసుకోవాలి, కష్టమైన కేసులన్నీ మీద వేసుకోవాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేను మాత్రం వెళ్ళమనే అంటాను, ఎందుకంటే బ్యాండ్ 5లో ఆ పైన ఇక మెట్టు లేదు. 6లో రెండేళ్ళకి 40,823, అయిదేళ్ళకి 46,580 ఉన్నాయి.

ఇక వీసా. ఈ హాల్లో స్పాన్సర్‌షిప్ కోసం ఏజెంట్లకి లక్షలు పోసి వచ్చినవాళ్ళున్నారని నాకు తెలుసు, చేతులెత్తమని అడగను. ఉద్యోగం ఇప్పించినందుకు పనివాడి దగ్గర డబ్బు తీసుకోవడం ఈ దేశంలో చట్టవిరుద్ధం. యాజమాన్యం కట్టాల్సిన ఇమ్మిగ్రేషన్ స్కిల్స్ ఛార్జ్‌ని మీ జీతంలోంచి కోయడమూ అంతే. కాంట్రాక్టులో ఫలానా కాలం లోపల మానేస్తే ఇంత తిరిగి కట్టాలి అని షరతు ఉంటే, ఆ మొత్తం దేనిదేనికో విడివిడిగా రాసి ఉందా, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుందా అని చూడకుండా సంతకం పెట్టకండి. ఉద్యోగం మారితే కొత్త యాజమాన్యం నుంచి కొత్త సర్టిఫికెట్, కొత్త వీసా దరఖాస్తు కావాలి. ఒకే ఆసుపత్రిలో అసిస్టెంట్ నుంచి థెరపిస్ట్ అయినా వృత్తి కోడ్ మారుతుంది కాబట్టి స్పాన్సర్ మీద ఉన్నవాళ్ళు ముందు హెచ్.ఆర్. చేత మెయిల్‌లో రాయించుకోవాలి. నోటిమాట చాలదు. నేను డిపెండెంట్‌ని కాబట్టి ఆ గండం నాకు తప్పింది.

అమెరికా సంగతి అడుగుతారని తెలుసు, మా బావమరిది ప్రతి సంక్రాంతికీ అడుగుతాడు. అక్కడి ప్రభుత్వ లెక్కల ప్రకారం 2024 మేలో ఓ.టి. మధ్యస్థ జీతం ఏడాదికి 98,340 డాలర్లు. మాకంటే చాలా ఎక్కువే. కానీ అక్కడ మన బ్యాచిలర్ డిగ్రీ ఒక్కటే సరిపోదు, పై చదువు, ఎన్.బి.సి.ఒ.టి. పరీక్ష, మళ్ళీ ఏ రాష్ట్రానికా రాష్ట్రం లైసెన్సు. నర్సులకి, ఫిజియోలకి గ్రీన్‌కార్డులో ఉండే షెడ్యూల్ ఎ వెసులుబాటు ఓ.టి.లకి లేదు. పైగా అక్కడ జీతం బీమా వాళ్ళ లెక్కతో ఊగుతుంది. వృద్ధుల నర్సింగ్ సెంటర్లకి మెడికేర్ ఒకప్పుడు థెరపీ నిమిషాలు చూసి డబ్బిచ్చేది. 2019 అక్టోబర్ నుంచి రోగి పరిస్థితిని చూసి ఇవ్వడం మొదలుపెట్టింది. నిమిషాలకి డబ్బు లేనప్పుడు థెరపిస్టుల గంటలు కోసేశారు. మనిషి అదే, పనీ అదే, డబ్బు కట్టేవాడి పద్ధతి మారింది.

చివరిగా కేర్ హోముల్లో పనిచేస్తున్న చెల్లెళ్ళకి, తమ్ముళ్ళకి ఒక మాట. మీలో ఇండియాలో ఓ.టి., ఫిజియో, నర్సింగ్ చదివి ఇక్కడ పరుపులు సర్దుతున్నవాళ్ళున్నారు. 2025 జూలై 22 నుంచి కేర్ వర్కర్లని విదేశాల నుంచి కొత్తగా తెచ్చుకోవడం ఆపేశారు, కాబట్టి ఉన్న ఉద్యోగం పోతుందేమోనన్న భయంలో రిజిస్ట్రేషన్ కాగితాలు పక్కన పడేశారు. షిఫ్టు దిగాక వారానికి రెండు గంటలైనా వాటికివ్వండి. కాలేజీకి సిలబస్ కోసం రాసిన మెయిల్‌కి జవాబు రావడానికే నెలలు పడుతుంది, మాకు పట్టింది. డిగ్రీ లేనివాళ్ళకి ఇంగ్లండ్‌లో ఓ.టి. డిగ్రీ అప్రెంటిస్‌షిప్ అని ఉంది, జీతం తీసుకుంటూ చదవచ్చు. వీసా రకాన్ని బట్టి, ఇక్కడున్న ఏళ్ళని బట్టి అర్హత మారుతుంది, చేరకముందే అడిగి తెలుసుకోండి.

పద్నాలుగు నెలలు అసిస్టెంట్‌గా చేసినందుకు నాకు నామోషీ లేదు. టీ గిన్నె ఆ రోజుల్లోదే. మూడేళ్ళు కింది మెట్టు మీద ఉన్నందుకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

టీ ఇచ్చేటప్పుడు నేను ఆ కిటికీ పక్క బల్ల దగ్గర ఉంటాను. పే స్లిప్ గానీ ఆఫర్ లెటర్ గానీ ఫోన్‌లో ఉన్నవాళ్ళు రండి, కలిసి చూద్దాం. అనుభవం ఉత్తరం నమూనా ఒకటి తెలుగులో వివరాలతో రాసి తెచ్చాను, ముప్ఫై కాపీలున్నాయి. సరిపోకపోతే ఫోటో తీసుకోండి.